ఓనర్‌కి ఫోన్ చేయండి

పొద్దున ఆరున్నరకి మా ఆవిడ బాత్రూమ్‌లోంచి కేకేసింది, "ఏమండీ, ఓనర్‌కి ఫోన్ చేయండి, పైనుంచి నీళ్ళు కారుతున్నాయి" అని. నేను సగం నిద్రలో దిండు పక్కన ఫోన్ కోసం తడుముకున్నాను కూడా. అప్పుడు గుర్తొచ్చింది, ఓనర్‌ని నేనే కదా అని. సొంతింట్లోకి వచ్చి ఐదో ఏడు నడుస్తోంది, అయినా తొమ్మిదేళ్ళ అద్దె అలవాటు ఎక్కడికి పోతుంది. తనకీ గుర్తొచ్చినట్టుంది, లోపల్నుంచి చిన్న నవ్వు వినిపించింది, ఆ వెంటనే బకెట్టు ఈడ్చిన చప్పుడు.

ఆ మరక నాకు కొత్త కాదు. సంక్రాంతికి అరచేయంత ఉండేది, అంచుల్లో టీ ఒలికి ఆరిపోయినట్టు గోధుమ రంగు. శివరాత్రికి పళ్ళెమంత అయింది. ఉగాది నాటికి పెయింటు పొంగి బుడగలా లేచింది, స్టూలెక్కి వేలితో నొక్కితే లోపల తడి లప్పం మెత్తమెత్తగా తగిలేది. అలా నొక్కి చూడ్డమే తప్ప నేను చేసిందేమీ లేదు. అద్దె ఇళ్ళలో ఇంతకన్నా పెద్ద మరకల కింద ఏళ్ళ తరబడి స్నానాలు చేశాం, ఒక్కనాడూ తలెత్తి చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు రోజూ పళ్ళు తోముకుంటూ దాన్నే చూస్తాను. రాత్రి ఆ బుడగ పగిలింది.

మాది 302. పైన 402లో ఉండే కుర్రాడు సాఫ్ట్‌వేరు, కొత్తగా పెళ్ళయింది, అద్దెకుంటున్నాడు. ఓనరు న్యూజెర్సీలో ఉంటాడు. ఆదివారం ఏడింటికి తలుపు కొట్టడం నాకే బాగా లేదు గానీ వెళ్ళాను. పాపం ఏమీ అనుకోలేదు, "రండి అంకుల్" అని లోపలికి పిలిచి బాత్రూమ్ చూపించాడు. నేల పొడిగా, టైల్స్ తళతళా మెరుస్తున్నాయి. "మాకేం కారట్లేదు అంకుల్" అన్నాడు అమాయకంగా. ఎందుకు కారతాయి నాయనా, నీళ్ళు కిందికే కదా పోయేది. తర్వాత అన్నాడు, "ఓనర్ గారికి మెసేజ్ పెడతాను అంకుల్" అని. ఈ ముక్క నేను ఎన్నిసార్లు ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఆ మాట అనేశాక మనసు ఎంత తేలికపడుతుందో కూడా బాగా గుర్తుంది. అతని మీద కోపం రాలేదు, కాస్త అసూయ మాత్రం కలిగింది. అవే టైల్స్, అదే కిటికీ, అదే 1180 చదరపు అడుగులు, అతను కట్టేది నెలకి 24 వేలు, నేను కట్టే ఈఎంఐ 43 వేల పైచిలుకు.

మెట్లు దిగుతూ ఆలోచిస్తే తట్టింది, నా ఇంటి కప్పు ఆయన ఇంటి నేల. నా కప్పు బాగుపడాలంటే ఆయన టైల్స్ పగలాలి. దానికి ఎక్కడో న్యూజెర్సీలో ఉన్నాయన ఒప్పుకోవాలి. దస్తావేజులో నా పేరు మీద 38 గజాల అవిభక్త వాటా అని రాసుంది, ఆ 38 గజాలు ఎక్కడున్నాయో చూపించమంటే ఎవరూ చూపించలేరు. లిఫ్టు కింద కొంత, సంపు మీద కొంత, వాచ్‌మన్ గది పక్కన కరివేపాకు చెట్టున్న చోట కొంత, అన్నీ నావే, ఏదీ నాది కాదు.

ప్లంబర్ పదకొండుకి వస్తానని ఒంటిగంటకి వచ్చాడు, సరిగ్గా అన్నం ముందు కూర్చున్నప్పుడు. సెల్‌ఫోన్ లైటు వేసి, స్క్రూడ్రైవర్ వెనక్కి తిప్పి పట్టుకుని, కప్పు మీద ఒక మూల నుంచి తట్టుకుంటూ వచ్చాడు. టక్, టక్, టక్ అంటున్నది మరక దగ్గరికొచ్చేసరికి బొద్దుగా మోగింది. అక్కడ ఆగి, డాక్టర్లు ఎక్స్‌రే చూసి తల ఊపుతారే, అలా ఊపాడు. "నాని ట్రాప్ దగ్గర పోయింది సార్" అన్నాడు. మా అమ్మాయి అదేదో కొత్త సినిమా పేరనుకుని పక్కున నవ్వింది. బాత్రూమ్ నేలలో జాలీ కింద ఉండే డొప్పలాంటి దాన్ని వీళ్ళు అలా అంటారని నాకూ ఇవాళే తెలిసింది. దాన్ని కూర్చోబెట్టడానికి స్లాబులో కన్నం పెడతారట, దాని చుట్టూ సిమెంటు సరిగ్గా కూరకపోతే ఐదారేళ్ళకి వదిలేస్తుంది, అక్కణ్ణుంచి నీళ్ళు దారి చేసుకుంటాయి. బాత్రూమ్ దగ్గర స్లాబును పల్లంగా పోసి ఇటుక ముక్కలు నింపి, ఆపైన టైల్స్ వేస్తారు కదా, ఆ ఇటుక ముక్కల్లో నీళ్ళు చేరి నిలిచిపోతాయి. "చిన్న చెరువున్నట్టే సార్. పైనోళ్ళు స్నానం బంద్ చేసినా రెండు రోజులు కారుతది" అన్నాడు. ఇంతకాలం నేను ఒక చెరువు కింద పళ్ళు తోముకుంటున్నానన్నమాట.

రెండు దారులు చెప్పాడు. జాయింట్లు గీకి గ్రౌటింగ్ చేస్తే ఆరు వేలలో అయిపోతుంది, కానీ వానాకాలం దాకా ఆగుతుందో లేదో చెప్పలేం. లేదూ, పైన మొత్తం తవ్వి, కెమికల్ కోటింగ్ కొట్టి, రెండ్రోజులు నీళ్ళు నిలబెట్టి చూసి, మళ్ళీ టైల్స్ వేస్తే నలభై వేలు. అప్పుడైనా గ్యారంటీ ఉంటుందా అనడిగాను. "నా చేతి పనికి గ్యారంటీ సార్, బిల్డింగ్‌కి నేనెట్ల ఇస్త" అన్నాడు. మాట్లాడ్డానికేమీ మిగల్లేదు. వచ్చి చూసినందుకు మూడొందలు తీసుకుని వెళ్ళాడు.

మధ్యాహ్నం నిద్ర ఎలాగూ పట్టదు, జీహెచ్‌ఎంసీ ఆస్తి పన్ను కట్టేద్దామని కూర్చున్నాను. ఏప్రిల్ నెలాఖరులోపు ఏడాది పన్నంతా ఒకేసారి కడితే ఐదు శాతం తగ్గిస్తారు. మాది 5,200, తగ్గింది 260 రూపాయలు. ఆ 260 చూసుకుని నేను పొందిన ఆనందం చెబితే నవ్వుతారు. ఫోన్ అటు పెట్టగానే పైనుంచి ఒక చుక్క, టప్.

ఆ ఊపులో బీరువాలోంచి పాత ఫైలు తీశాను. తీయకుండా ఉండాల్సింది. 65 లక్షలు పెట్టి కొన్నాం అని అందరికీ చెబుతుంటాం గానీ ఆ అంకె ఒట్టి ముఖద్వారం, లోపలికెళ్ళాక ఇంకా చాలా గదులున్నాయి. రిజిస్ట్రేషన్‌కి అన్నీ కలిపి ఏడున్నర శాతం, అంటే 4,87,500. దానికి బ్యాంకు లోను ఇవ్వదు, చేతిలోంచే పెట్టుకోవాలి, మా ఆవిడ గాజులు వెళ్ళిందందుకే. ఇందులో ఇంకో కథ ఉంది. 2021 జులైలో అంతా సిద్ధమైంది, చెక్కులు రాసుకున్నాం, అప్పుడు అత్తయ్య ఫోన్ చేసి "ఆషాఢంలో రిజిస్ట్రేషనేమిటి బాబూ, శ్రావణం రానివ్వండి" అన్నారు. పెద్దావిడ మాట, ఆగాం. జులై 22 నుంచి ప్రభుత్వం ఆరు శాతాన్ని ఏడున్నర చేసింది. ఆషాఢం గౌరవానికి మేం చెల్లించుకున్నది అక్షరాలా 97,500 రూపాయలు. ఈ సంగతి మా ఇంట్లో బయటికి అనకూడదు. ఇవాళ ఆవిడే లీకేజీ కబురు విని ఫోన్ చేసి "ఇల్లు కట్టి చూడు అని ఊరికే అన్నారా" అని నిట్టూర్చారు. మేం కట్టలేదండీ, కొన్నాం అన్నాను. "ఏదైతేనేం, ముహూర్తం మంచిది, ఇంకేమీ కాదులే" అన్నారు.

ఈఎంఐ కథ ఇంకా బాగుంటుంది. 50 లక్షలు, 20 ఏళ్ళు, అప్పట్లో వడ్డీ 6.7, నెలకి 37,870. మొదటి ఏడాది నాలుగున్నర లక్షలు కడితే అసలులో తగ్గింది లక్షా 20 వేల చిల్లరే. సరే, అందరికీ అంతే అనుకున్నాం. 2022 మేలో రిజర్వ్ బ్యాంకు రెపో రేటు, అంటే బ్యాంకులకి తానిచ్చే అప్పు మీద వడ్డీ, పెంచడం మొదలుపెట్టింది, నాలుగు శాతం ఉన్నది మరుసటి ఏడాది ఫిబ్రవరికల్లా ఆరున్నర. పేపర్లో ఆ వార్త వస్తే అంతకుముందు నేను చదివేవాణ్ణి కూడా కాదు, అద్దెకున్నవాడికి రెపోతో పనేముంది. మా వడ్డీ ఎనిమిదిన్నర దాటాక బ్యాంకుకెళ్తే అక్కడి అమ్మాయి కంప్యూటర్ తిప్పి చూపించింది. ఇదే ఈఎంఐ కడుతూ పోతే ఇంకా దాదాపు 29 ఏళ్ళు కట్టాలి. పదహారు నెలలు కట్టాక, 20 ఏళ్ళ అప్పులో 29 ఏళ్ళు మిగిలాయి. "మీ రిటైర్‌మెంట్ దాటిపోతుంది సార్, ఈఎంఐ పెంచుకోవాల్సిందే" అంది, చాలా మర్యాదగా. అలా 43 వేలు దాటింది. పోయినేడాది రేట్లు మళ్ళీ దిగొచ్చాయి, ఈఎంఐ అలాగే ఉంచి నెలలు తగ్గించుకున్నాం. కొత్త పన్ను విధానంలోకి మారాక, మనమే ఉంటున్న ఇంటి వడ్డీకి మినహాయింపు కూడా లేదు.

అంత బాధపడేవాడివి అద్దెకే ఉండాల్సింది అంటారేమో. ఉన్నాం కదా తొమ్మిదేళ్ళు, మూడు ఇళ్ళు. గోడకి మేకు కొడితే ఓనరమ్మ మెట్ల మీద నుంచే చప్పుడు పోల్చుకునేది. చుట్టాలొచ్చి నాలుగు రోజులుంటే "నీళ్ళు ఎక్కువ వాడుతున్నారు" అని వాచ్‌మన్‌తో కబురు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ అని ఒక నెల అద్దె అడ్వాన్సులోంచి కోసుకోవడం మామూలే. 2019 మార్చిలో మా అమ్మాయికి ఏడో తరగతి పరీక్షలు రెండు వారాలున్నాయనగా రెండో ఇంటి ఓనరు వచ్చి, మా అబ్బాయి అమెరికా నుంచి వచ్చేస్తున్నాడు, నెలాఖరుకి ఖాళీ చేయండి అన్నాడు. పదకొండు నెలల అగ్రిమెంటు ఎప్పుడో అయిపోయింది, నోరెత్తడానికి లేదు. అట్టపెట్టెల మధ్య కూర్చుని చదువుకుంది పిల్ల. మేం ఖాళీ చేసిన పదిరోజులకి అటువైపు వెళ్తే ఆ ఇంటికి టులెట్ బోర్డు, నాలుగు వేలు ఎక్కువకి. అబ్బాయీ లేడు, అమెరికా లేదు. ఆ సాయంత్రం స్కూటర్ మీదే నిర్ణయించుకున్నాం, ఏదైనా సరే కొనేద్దామని. కాబట్టి లెక్కలు చూసి కొన్న ఇల్లు కాదిది, ఒళ్ళు మండి కొన్నది.

సాయంత్రం ఆరుకి సెల్లార్‌లో అసోసియేషన్ మీటింగు. పదిహేను ఫ్లాట్లు, తొమ్మిది మంది వచ్చాం, ప్లాస్టిక్ కుర్చీలు ఎనిమిది. లిఫ్టు రోపులు మార్చాలి, ఏఎంసీలో, అంటే ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టులో, అవి రావట. బోరు అడుగంటింది, రోజు విడిచి రోజు ట్యాంకరు వస్తోంది, ఎవరింట్లో ఎక్కువమంది ఉంటే వాళ్ళే ఎక్కువ కట్టాలని 101 ఆయన వాదన, ఆయన ఇంట్లో ఉండేది ఇద్దరే. బయటి గోడలకి పగుళ్ళు పూడ్చి రంగులు వేయించాలి. అన్నీ కలిపి ఫ్లాటుకి 22 వేలు, మూడు విడతల్లో. నాలుగు నెలలుగా మెయింటెనెన్స్ కట్టనాయనే అందరికన్నా ముందు చెయ్యెత్తాడు ఒప్పుకుంటూ. అక్కడ కూర్చుని ఉండగా పై ఫ్లాటు కుర్రాడూ ఆ అమ్మాయీ బైకు మీద బయటికెళ్తూ మాకు నవ్వుతూ చెయ్యి ఊపారు. సినిమాకేమో.

రాత్రి తొమ్మిదిన్నరకి న్యూజెర్సీ నుంచి ఫోన్ వచ్చింది. మంచి మనిషే. ముందు పావుగంట ఆయన బాధ చెప్పుకున్నాడు, వాళ్ళ బేస్‌మెంట్‌లో నీళ్ళూరుతున్నాయట, పైగా ఇంటికి ఏడాదికి 11 వేల డాలర్లు ప్రాపర్టీ టాక్సు. నా 5,200 రూపాయల సంగతి నేనెత్తలేదు. తర్వాత అసలు విషయానికొచ్చాడు, "టైల్స్ పగలగొడితే నాలుగు రోజులు ఆ బాత్రూమ్ ఉండదు కదండీ, వాళ్ళు విసుగొచ్చి ఖాళీ చేస్తే నాకు రెండు నెలల అద్దె పోతుంది" అని. వాళ్ళకి ఇంకో బాత్రూమ్ ఉందని గుర్తుచేశాను. అరగంట బేరం తర్వాత తేలిందేమిటంటే, పైన పనికి డబ్బు ఆయనది, కింద లప్పం, పెయింటు నావి, దగ్గరుండి చేయించేది కూడా నేనే. అంటే వచ్చే శనివారం నుంచి ఇంకొకరి ఇంట్లో నేను మేస్త్రీ పనులు చూసుకోవాలి, ఆఫీసుకి సెలవు పెట్టి. ఫోన్ పెట్టేసే ముందు "మీరక్కడ ఉండబట్టి నాకు టెన్షన్ లేదండీ" అన్నాడు.

పై కుర్రాడికి మెసేజ్ పెట్టాను, శనివారం దాకా ఆ బాత్రూమ్ వాడొద్దని. "ష్యూర్ అంకుల్" అని బొటనవేలి బొమ్మతో సహా వెంటనే జవాబిచ్చాడు. వాడటం లేదు నిజంగానే, పైన ఏ చప్పుడూ లేదు. చెరువు మాత్రం దిగుతోంది. పడుకునే ముందు వెళ్ళి చూస్తే బకెట్టు ముప్పావు నిండింది, దాన్ని మా ఆవిడ కుండీలకి పోయమంది, ట్యాంకరు నీళ్ళు కదా. రెండు మందార కుండీలకీ సరిపోయాయి. ఖాళీ బకెట్టు మళ్ళీ మరక కిందికి జరిపి, అడుగున పాత తువ్వాలు మడతేసి పెట్టాను, చప్పుడు కాకుండా.