కార్డ్‌లెస్ ఫోను మూగబోతే తప్పు ఎక్కడ వెతకాలి

కాకినాడలోని మా ఇంటి ల్యాండ్‌లైను నంబరు మా చుట్టాలందరికీ కంఠతా వచ్చు. ప్రతి ఒక్కరి చేతిలోనూ సెల్‌ఫోను ఉన్న ఈ రోజుల్లో కూడా అమ్మ దృష్టిలో ఆ నంబరుకు వచ్చిన ఫోనే ఫోను. మోకాళ్ళ నొప్పులతో రింగైన ప్రతిసారీ హాల్లోకి నడిచి రావడం ఆవిడకు కష్టమవుతున్నదని, మంచం పక్కన ఒకటి, వంటింట్లో ఒకటి ఉండేలా రెండు హ్యాండ్‌సెట్ల కార్డ్‌లెస్ ఫోను పెట్టించాను. అది మొరాయించినప్పుడల్లా జరిగే తంతు చాలామందికి తెలిసిందే. లైను చూడటానికి వచ్చిన మనిషి "లైను బాగానే ఉందండి, మీ సెట్టే పోయింది" అంటాడు. సెట్టు పట్టుకుని షాపుకు వెళితే అక్కడి కుర్రాడు "సెట్టు బాగానే ఉందండి, లైను చూపించుకోండి" అంటాడు. అందుచేత తప్పు ఎవరి వైపు ఉన్నదో మనమే ముందుగా తేల్చుకోవడం మేలు. నేను చూసినంతలో, పాడైందని అటకెక్కించిన కార్డ్‌లెస్ ఫోన్లలో చాలావాటికి సెట్టులో ఏ లోపమూ ఉండదు. ఉన్నదల్లా బ్యాటరీలోనో, కరెంటు అడాప్టర్లోనో, గోడ వెంట పోయే తీగలోనో ఉంటుంది.

కార్డ్‌లెస్ ఫోను నిజానికి రెండు యంత్రాల జత. బేస్ అనే పెట్టె ఒక తీగతో టెలిఫోను లైనుకు, మరొక తీగతో కరెంటుకు కలిసి ఉంటుంది. హ్యాండ్‌సెట్‌కు ఆ బేస్‌తో ఉన్న సంబంధం రేడియో తరంగాల ద్వారానే. ఇప్పుడు దొరికే సెట్లలో ఎక్కువ భాగం 1992లో యూరప్‌లో వెలువడిన డెక్ట్ ప్రమాణాన్ని అనుసరించి 1880–1900 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. మద్రాసు ఐఐటీ వారు పల్లెలకు తీగ లాగకుండా టెలిఫోను ఇవ్వడానికి రూపొందించిన కోర్‌డెక్ట్ కూడా ఈ ప్రమాణం మీద ఆధారపడినదే. అంతకు ముందటి అనలాగ్ సెట్లు, అంటే పొడుగాటి యాంటెన్నా బయటికి లాగి మాట్లాడవలసినవి, పక్కింటివారి సంభాషణను కూడా అప్పుడప్పుడు మన చెవిన వేసేవి. ఆ వినోదం డెక్ట్‌తో పోయింది.

బేస్‌ను ఎక్కడ పెట్టాలన్నది లైను ఎక్కడ ఉన్నదన్న దాన్ని బట్టి కాకుండా, హ్యాండ్‌సెట్లు ఎక్కడ ఉంటాయన్న దాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. సెట్టుతో వచ్చే పుస్తకంలో ఇంటి లోపల 50 మీటర్లు, ఆరుబయట 300 మీటర్లు అని రాసి ఉంటుంది గానీ, మధ్యలో ఇనుప బీరువా, ఫ్రిజ్, స్లాబు లాంటివి అడ్డు వచ్చినప్పుడు అది ఎంతగా తగ్గిపోతుందో ఇంట్లో నడుస్తూ మాట్లాడితే తప్ప తెలియదు. ఇంటికి నడిమధ్యలో, మనిషి నడుము ఎత్తుకు పైన, బీరువాకు దూరంగా పెడితే సరిపోతుంది. డెక్ట్ సెట్టుకు వైఫైతో పేచీ లేదు, ఎందుకంటే రెండింటి తరంగాలూ వేర్వేరు. అయితే 2.4 గిగాహెర్ట్జ్ అని రాసి ఉన్న పాత సెట్లు వైఫైతోనూ మైక్రోవేవ్ ఓవెన్‌తోనూ ఒకే దారిలో నడుస్తాయి కాబట్టి, వాటిలో గరగర వినిపిస్తే ముందు రౌటరు పక్కనుంచి బేస్‌ను జరిపి చూడాలి.

లైను కలపడం ఒకప్పుడు పెద్ద విషయం కాదు. స్తంభం మీదినుంచి రెండు రాగి తీగలు వచ్చి రోజెట్ పెట్టెలో ముగిసేవి, దానికి పిన్ను తగిలిస్తే పని అయిపోయేది. ఆ తీగల మీద మామూలుగా 48 వోల్టుల డీసీ ఉంటుంది. రింగు వచ్చేటప్పుడు దాని మీద 75 వోల్టులకు అటూ ఇటూగా ఏసీ వచ్చి చేరుతుంది. రోజెట్ విప్పి చూస్తున్న సమయంలో ఎవరైనా ఫోను చేస్తే వేళ్ళకు చురుక్కుమనేది అందుకే. ఇప్పుడు మా వీధిలో ఇళ్ళన్నీ ఫైబరుకు మారాయి. ఫోను లైను స్తంభం నుంచి కాకుండా, ఇంట్లో గోడకు బిగించిన ఫైబరు మోడెమ్ వెనక ఉన్న ఫోన్ పోర్టు నుంచి వస్తుంది. ఇంటర్నెట్టు పోర్టుల కన్నా సన్నగా ఉండే ఆ పోర్టు దగ్గర టెల్ అనో, పాట్స్ అనో, ఫోన్ అనో రాసి ఉంటుంది. మోడెమ్ ముందు భాగంలో అదే పేరుతో ఒక దీపం కూడా ఉంటుంది. సాధారణంగా ఆ దీపం నిలకడగా వెలుగుతుంటే ఫోను సర్వీసు అందుతున్నట్టు, ఆరిపోయి ఉంటే ఇంటర్నెట్టు నిక్షేపంగా నడుస్తున్నా ఫోను సర్వీసు రానట్టు లెక్క. ఇది తెలియక సెట్టును షాపుకు మోసుకుపోయినవారిని నేనెరుగుదును.

ఇక్కడ పాత ఇళ్ళలో వచ్చే చిక్కు ఒకటి ఉన్నది. గోడల్లోంచి గది గదికీ లాగిన పాత టెలిఫోను తీగ ఉండనే ఉంటుంది కాబట్టి, మోడెమ్ ఫోన్ పోర్టును హాల్లోని రోజెట్‌కు కలిపేస్తే ఇంట్లో ఉన్న పాయింట్లన్నీ మళ్ళీ పనిచేస్తాయి. ఆలోచన మంచిదే గానీ, అలా కలిపే ముందు స్తంభం నుంచి వచ్చిన పాత రాగి జతను రోజెట్‌లోంచి విప్పి పూర్తిగా విడదీయాలి. లేకపోతే ఆ జత బయట ఎక్కడో నీళ్ళలో తడిసి, రెండు తీగలూ ఒకదానికొకటి తగిలి ఉన్నా, దాని మీద ఇంకా ఎక్స్‌ఛేంజి కరెంటు ఉన్నా, డయల్ టోన్ రాకపోవడం నుంచి మోడెమ్ పోర్టు కాలిపోవడం దాకా ఏదైనా జరగవచ్చు. మా ఇంట్లో రోజెట్ మూత తీసినప్పుడు స్క్రూల చుట్టూ పచ్చటి చిలుము పట్టి, అడుగున చీమల మట్టి పేరుకుని ఉన్నది. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో ఇందులో వింత లేదు. తీగల కొసలు కత్తిరించి, పైతొడుగు కొత్తగా ఒలిచి, మెరిసే రాగిని స్క్రూ కింద బిగించేసరికి ఫోనులో ఎప్పటినుంచో ఉన్న చిటపట ఆగిపోయింది. ఇంకా రాగి తీగ మీదే బ్రాడ్‌బ్యాండు వాడుతున్నవారికి ఇలాంటి చప్పుడు వస్తే, ఫోనుకు వెళ్ళే దారిలో, ఇంటర్నెట్టు తరంగాలు ఫోనులోకి రాకుండా ఆపే ఫిల్టరు ఉన్నదో లేదో కూడా చూసుకోవాలి.

కరెంటు విషయంలో పాత అలవాటును మానుకోవాలి. రాగి లైను మీద తీగ ఫోనుకు కావలసిన విద్యుత్తును ఎక్స్‌ఛేంజి బ్యాటరీలే పంపేవి, కాబట్టి తుపానులో ఊరంతా చీకటైనా ఫోను మాట్లాడేది. కార్డ్‌లెస్‌కు ఆ సౌకర్యం ఎప్పుడూ లేదు. బేస్‌కు కరెంటు లేకపోతే హ్యాండ్‌సెట్ నిండా ఛార్జింగు ఉన్నా పనికిరాదు. ఫైబరుతో ఇప్పుడు మోడెమ్‌కు కూడా కరెంటు కావాలి. చాలామంది మోడెమ్‌కు చిన్న యూపీఎస్ ఒకటి కొని తగిలించి, బేస్ అడాప్టరును మాత్రం ఇన్వర్టరు లేని ప్లగ్గులో వదిలేస్తారు. ఆ రెండూ ఇన్వర్టరు లైను మీదనే ఉండాలి. రేపోమాపో ప్రాణం మీదికి వస్తే 108కి ఫోను చేయవలసింది ఆ ఫోనుతోనే అన్న ఉద్దేశంతో ల్యాండ్‌లైను ఉంచుకునే పెద్దవారి ఇళ్ళలో ఇది మరీ ముఖ్యం. ఉరుములు మెరుపులు ఎక్కువగా ఉన్న రోజున అడాప్టరునూ, రాగి లైనైతే ఫోను పిన్నునూ ఊడదీయడం మంచిది.

ఇక బ్యాటరీ. నా లెక్కలో కార్డ్‌లెస్ ఫోను ఫిర్యాదుల్లో సగానికి పైగా దీని దగ్గరే తేలిపోతాయి. చాలా హ్యాండ్‌సెట్లలో టీవీ రిమోట్‌లో వేసే సన్న సెల్లులాంటివే రెండు ఉంటాయి, కానీ అవి నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం రీఛార్జబుల్ సెల్లు. ఒక్కొక్కటి 1.2 వోల్టులు, రెండూ కలిసి 2.4 వోల్టులు. మరికొన్ని పాత సెట్లలో ఎరుపు, నలుపు తీగలతో ప్లాస్టిక్ చుట్టిన 3.6 వోల్టుల ప్యాకు ఉంటుంది. కొత్త సెట్టు తెచ్చిన రోజున అందరికీ తొందర ఎక్కువ. ఛార్జింగుకు పెట్టగానే తెర వెలుగుతుంది కాబట్టి వెంటనే మాట్లాడటం మొదలుపెడతారు. మొదటిసారి నిండుగా ఎక్కడానికి ఆరేడు గంటలు పట్టడం మామూలు. కొన్ని కంపెనీలు ఇంకా ఎక్కువసేపు ఉంచమంటాయి. పుస్తకంలో ఎంత చెబితే అంతసేపు ఉంచాలి.

ఒకటి రెండేళ్ళకు సెల్లు నీరసిస్తాయి. అప్పుడు కనిపించే లక్షణం చాలామందిని తికమక పెడుతుంది: తెర మీద బ్యాటరీ గుర్తు నిండుగా ఉంటుంది, ఫోను తీసి నాలుగు మాటలు మాట్లాడేసరికి బీప్ బీప్ అని ఆగిపోతుంది. అమ్మ కూడా "నిండుగానే చూపిస్తోందిరా, అయినా మాట మధ్యలో పోతోంది" అనే అన్నది. ముసలిదైన సెల్లు ఊరికే ఉన్నప్పుడు వోల్టేజి బాగానే చూపించి, పని పడగానే చతికిలబడుతుంది. తెర మీది గుర్తును నమ్మి బేస్‌ను అనుమానించకూడదు. కొత్తవి కొనేటప్పుడు 1.2 వోల్టులు అనీ, రీఛార్జబుల్ అనీ రాసి ఉన్నవే తీసుకోవాలి. 1.5 వోల్టుల మామూలు సెల్లు వేస్తే ఫోను పనిచేస్తుంది, కానీ దాన్ని ఛార్జింగు గూట్లో పెట్టగానే ఛార్జింగు ఎక్కించకూడని సెల్లుకు ఎక్కించినట్టవుతుంది. అది వేడెక్కి, కారి, లోపలి స్ప్రింగులను తినేస్తుంది, ఒక్కోసారి పగలవచ్చు కూడా. యూఎస్‌బీ తీగతో ఛార్జింగు పెట్టుకునే 1.5 వోల్టుల లిథియం సెల్లు కూడా దీనికి పనికిరావు. రెండు సెల్లూ ఒకేసారి, ఒకే రకానివి మార్చాలి. మిల్లీయాంపియర్ అవర్ల అంకె ఎక్కువగా ఉన్నవి వేస్తే నష్టమేమీ లేదు, నిండటానికి ఎక్కువసేపు పడుతుంది, అంతే.

సెల్లు మార్చినా ఛార్జింగు ఎక్కకపోతే గూట్లోనూ హ్యాండ్‌సెట్ అడుగునా ఉండే చిన్న లోహపు పలకలను చూడాలి. మా వంటింటి హ్యాండ్‌సెట్ పలకల మీద పోపు ఆవిరి, చేతి నూనె కలిసి గోధుమరంగు పొర కట్టింది. పిల్లల పెన్సిలు రబ్బరుతో రుద్ది, పొడిగుడ్డతో తుడిస్తే పోయింది. ఇసుక కాగితం జోలికి పోకూడదు, పైపూత లేచిపోయి తుప్పు ఇంకా తొందరగా పడుతుంది.

ఇప్పుడు లైను మనిషికీ షాపు కుర్రాడికీ మధ్య తగాదా సంగతి. దాన్ని తీర్చడానికి ఇంట్లో ఒక మామూలు తీగ ఫోను ఉండాలి. మోడెమ్ ఫోన్ పోర్టులోంచి ఉన్నవన్నీ పీకేసి, ఆ తీగ ఫోను ఒక్కదాన్నే నేరుగా అందులో పెట్టాలి. డయల్ టోన్ రాకపోతే తప్పు సర్వీసు వైపు, అంటే ఫిర్యాదు రాయించవలసిందే. అక్కడ టోన్ వచ్చి, అదే ఫోను రోజెట్ దగ్గర పెడితే రాకపోతే తప్పు ఇంటి తీగలది. రెండు చోట్లా వచ్చి, కార్డ్‌లెస్‌లో మాత్రమే రాకపోతే అప్పుడు బేస్ అడాప్టరునూ, బేస్ నుంచి లైనుకు వెళ్ళే తీగనూ చూడాలి. ఆ తీగ పిన్నుకుండే ప్లాస్టిక్ నాలుక విరిగిపోయి, పిన్ను సగం బయటికి వచ్చి ఉండటం తరచూ కనిపిస్తుంది. అడాప్టరు పోతే అదే వోల్టేజిది, అదే ప్లస్ మైనస్ అమరికది వేయాలి. పిన్ను పట్టింది కదా అని ఏదో ఒకటి పెట్టకూడదు.

హ్యాండ్‌సెట్ తెర మీద బేస్ కోసం వెతుకుతున్నట్టు కనిపిస్తూ, బేస్ పక్కన కూర్చున్నా కలవకపోతే నమోదు చెరిగిపోయి ఉంటుంది. చాలా సెట్లలో బేస్ మీది పేజింగ్ బటన్ను కొన్ని సెకన్లు నొక్కి ఉంచి, హ్యాండ్‌సెట్ మెనూలో రిజిస్టర్ ఎంచుకుని, రహస్య సంఖ్య (పిన్) అడిగితే 0000 కొట్టాలి. మాట వినిపిస్తున్నది గానీ రింగు రాకపోతే రింగు శబ్దమూ, రాత్రిపూట మోగకుండా చేసే ఏర్పాటూ చూసి, ఆ తర్వాత ఒకే లైను మీద ఎన్ని ఫోన్లు తగిలించారో లెక్కపెట్టుకోవాలి. మోడెమ్ పోర్టు ఎక్స్‌ఛేంజి అంత బలంగా రింగు పంపలేదు. చేసినవారి నంబరు మాత్రమే కనిపించకపోతే, నంబరును లైను మీద పంపే డీటీఎంఎఫ్, ఎఫ్‌ఎస్‌కే అనే రెండు పద్ధతుల్లో సెట్టు ఒకటి ఆశిస్తుంటే మోడెమ్ మరొకటి పంపుతున్నదేమో సర్వీసు వారిని అడగాలి.

అమెరికా నుంచి పిల్లలు తెచ్చే సెట్ల గురించి రెండు మాటలు. అక్కడి డెక్ట్ 6.0 సెట్లు 1920–1930 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. మన దేశంలో ఆ భాగం మొబైలు కంపెనీల తరంగాల్లోకి వస్తుంది, కనుక వాటిని ఇక్కడ వాడకూడదు. దానికి తోడు అడాప్టరు మీద 120 వోల్టులు అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టిన క్షణంలోనే కాలిపోతుంది. ఎంత ప్రేమతో తెచ్చినా తిరిగి పంపించడమే మంచిది. ఇక్కడి పెద్దలు ఆరు నెలలు అమెరికా వెళ్ళి ఇంట్లో మెయిను కట్టేసేటప్పుడు మాత్రం హ్యాండ్‌సెట్లలోంచి సెల్లు తీసి వెళ్ళాలి. లేకపోతే అవి పూర్తిగా ఖాళీ అయి, తిరిగి వచ్చేసరికి పనికిరాకుండా పోతాయి.

చివరగా, సెట్టూ లైనూ అన్నీ బాగున్నా ఫోన్‌బుక్‌లోంచి సెల్‌ఫోన్లకు కాల్ వెళ్ళడం లేదంటే 2021 జనవరి 15 నుంచి వచ్చిన నిబంధన గుర్తు చేసుకోవాలి. ల్యాండ్‌లైను నుంచి ఏ మొబైలుకు చేసినా నంబరు ముందు సున్నా ఉండాలి. అంతకు ముందు దాచుకున్న స్థానిక సెల్ నంబర్లకు ఆ సున్నా ఉండదు. చాలా సెట్లలో ఏ హ్యాండ్‌సెట్ ఫోన్‌బుక్ దానిదే కాబట్టి, ఒకదానిలో అన్నీ సరిచేసి, మెనూలో కాపీ చేసే వీలుంటే దాని నుంచి మిగతా వాటికి పంపుకోవచ్చు. కాపీ చేసే ముందు రెండో దానిలోని పాత నంబర్లు చెరిపేయాలి, లేకపోతే ప్రతి పేరూ సున్నాతో ఒకసారి, సున్నా లేకుండా ఒకసారి కనిపిస్తుంది.