గుండె 166, అడుగులూ 166

వాచీ సర్వీసు సెంటర్‌లో నాకు జరిగిన సన్మానానికి ఇవాళ్టికి పదకొండు రోజులు. చెప్పుకుంటే పరువు పోతుందని మా ఆవిడ అంటోంది. తొమ్మిది మంది ముందు ఎలాగూ పోయింది కాబట్టి రాసేస్తున్నాను.

మాది విశాఖ. నాకు 48. పొద్దున్నే బీచ్ రోడ్డులో బండ్లు ఆపేసే వేళకు వెళ్లి, కోస్టల్ బ్యాటరీ నుంచి పార్క్ హోటల్ దాకా కాసేపు నడక, కాసేపు నిదానంగా పరుగు. బీపీ లేదు, షుగర్ లేదు. మా బ్రాంచిలో ఈ వయసులో ఆ మాట అనగలిగేది నేనొక్కణ్ణే. పుట్టినరోజుకి మా అమ్మాయి ఫిట్‌నెస్ వాచీ కొనిచ్చింది. మూడో రోజే, కురుసుర సబ్‌మెరైన్ దాటుతుండగా అది జుయ్యిమంది. చూస్తే 166. 220 లోంచి వయసు తీసేసే లెక్క ప్రకారం నా గుండె వేగానికి పై హద్దు నిమిషానికి సుమారు 172. నేనేమో పక్కన మాస్టారితో కరెంటు బిల్లు గురించి కబుర్లు చెబుతూ పరుగెడుతున్నాను. ఆయాసం లేదు. అంకె చూశాక వచ్చింది.

ఇంట్లో చెప్పడం నా తప్పు. గంటలో ఆసుపత్రిలో ఉన్నాం. ఈసీజీ నార్మల్. ట్రెడ్‌మిల్ టెస్టు కూడా చేశారు. ఛాతీ మీద వెంట్రుకలు గీసి, వైర్లు అంటించి, మూడేసి నిమిషాలకు వేగమూ ఎత్తూ పెంచుతూ నడిపించారు. అదీ నార్మలే. ఒక్కటి మాత్రం అక్కడ కంటపడింది. ముందున్న కడ్డీ గట్టిగా పట్టుకుని నడుస్తుంటే స్క్రీన్ మీద 138, నా చేతి మీద 97. బీచ్‌లో ఎక్కువ చూపించింది ఇక్కడ తక్కువ చూపిస్తోంది. టెక్నీషియన్‌కి చూపిస్తే తలెత్తకుండానే "వాటిని నమ్మకండి సర్" అన్నాడు. ఆ రోజు బిల్లుకు ఇంకో వాచీ వచ్చేది.

సరే, వాచీయే పాడైంది, వారంటీ ఉంది, మార్చి ఇస్తారు అనుకున్నాను.

ఆఫీసులో రెండు గంటలు పర్మిషన్ పెట్టి వెళ్లాను. టోకెన్ 14. నడుస్తున్నది 6. నా వంతు వచ్చాక కౌంటర్‌లో కుర్రాడు బిల్లు అడిగాడు, వాచీ తీసుకుని లోపలికి వెళ్లాడు, నలభై నిమిషాలు రాలేదు. వచ్చాక వాచీ తన చేతికే ఉంది. "చూడండి సర్, 74. పర్ఫెక్ట్." నువ్వు కూర్చుని చూస్తే పర్ఫెక్టే బాబూ, పరుగెడుతుంటే తప్పు చూపిస్తోంది అన్నాను. మళ్లీ 74 చూపించాడు. నేను మళ్లీ పరుగు అన్నాను. ఇలా మూడుసార్లు అయ్యాక అతను ఎంతో మర్యాదగా, "అయితే ఒకసారి పరుగెత్తి చూపించండి సర్" అన్నాడు.

అప్పుడైనా లేచి వచ్చేయాల్సింది. నేనూ రోజంతా కౌంటర్ వెనక కూర్చునేవాణ్ణే. జనాన్ని ఆ కౌంటర్‌కి, ఈ కౌంటర్‌కి తిప్పిన పాపం ఉందిగా, అదే నన్ను లేవనివ్వలేదనుకుంటాను. "సరే, పెట్టు" అని చెయ్యి చాపాను. కుర్రాడు స్ట్రాప్ పైకి జరిపి, నేను పెట్టుకునే చోటికంటే రెండు కన్నాలు బిగించాడు. టక్ చేసిన చొక్కా, ఆఫీసు బూట్లు, జేబులో తాళాల గుత్తి. కుర్చీల వరుసల మధ్య, ఉన్నచోటే పరుగు మొదలుపెట్టాను. తాళాలు గలగలమంటున్నాయి. ఒక పెద్దాయన "మోకాళ్లు ఇంకా పైకి రావాలి" అన్నారు. ఒక పిల్లాడు వాళ్లమ్మ చెయ్యి వదిలించుకుని నాతోపాటు గెంతడం మొదలుపెట్టాడు. ఎవరో ఫోన్ ఎత్తారు కూడా. అంకె కుర్రాడికి కనపడాలని చెయ్యి గుండెలకెదురుగా కదపకుండా పట్టుకున్నాను. రెండు నిమిషాలు.

118.

నా జన్మలో ఇంత నమ్మకద్రోహం చూడలేదు. ఇంకో నిమిషం పరుగెత్తాను. 121. "బానే ఉంది కదా సర్," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, అంటే అందరికీ వినపడేంత తగ్గించి, "మీ వయసులో కొంచెం టెన్షన్ మామూలే. ఒకసారి గుండె డాక్టర్‌కి చూపించుకోండి" అన్నాడు. చూపించుకునే వచ్చానురా నాయనా. జాబ్ షీట్ మీద "నో ఫాల్ట్ ఫౌండ్" అని ముద్ర కొట్టిచ్చాడు. ఇది వైద్య పరికరం కాదు అన్న వాక్యం బుక్‌లెట్‌లో ఎక్కడుందో కూడా వేలుపెట్టి చూపించాడు. చీమ తలకాయంత అక్షరాలు. డబ్బా మీద మాత్రం కొట్టుకుంటున్న గుండె బొమ్మ అరచేతంత ఉంది.

దారంతా తిట్టుకుంటూ వచ్చాను. రాత్రి పడుకున్నాక వెలిగింది. వాడు స్ట్రాప్ బిగించాడు. నేను ముప్పై ఏళ్లుగా మా నాన్న ఇచ్చిన హెచ్‌ఎంటీ పెట్టుకున్నట్టే దీన్నీ పెట్టుకుంటున్నాను, మణికట్టు ఎముక మీద గాజులా ఆడుతూ.

మర్నాడు బీచ్‌లో పరీక్ష పెట్టాను. ఎప్పట్లాగే వదులుగా పెట్టుకుని పరుగెత్తాను. 166 రాగానే ఆగీ ఆగకముందే మెడ మీద వేళ్లు పెట్టి పావు నిమిషం లెక్కపెట్టాను. 31. అంటే నిమిషానికి 124. మళ్లీ అదే వేగంతో పరుగెత్తి, మాస్టారిని నా అడుగులు లెక్కపెట్టమన్నాను. అరనిమిషానికి 83. ఆయన లెక్కల మాస్టారే, రెట్టింపు చేసి నా మొహం చూశారు. 166! వాచీ లెక్కపెడుతున్నది నా గుండెను కాదు, నా కాళ్లను.

దాని కింద వెలిగే ఆకుపచ్చ లైటు ఊరికే వెలగదు. రక్తం ఆ కాంతిని పీల్చుకుంటుంది. గుండె కొట్టినప్పుడల్లా చర్మం కింద రక్తం కాస్త పెరుగుతుంది, తిరిగొచ్చే వెలుతురు కాస్త తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులే దానికి నాడి. వాచీ వదులుగా ఉండి, చేతులు ఊగుతుంటే, అడుగు అడుగుకీ అది కదులుతుంది. ఆ ఊపు నాడి కంటే బలంగా ఉంటే వాచీ దాన్నే పట్టుకుంటుంది. పరుగు వాళ్లు దీన్ని కేడెన్స్ లాక్ అంటారట. సర్వీసు సెంటర్‌లో చెయ్యి ఊపకుండా పట్టుకున్నది నేనే, బిగించింది వాడు. మా ఇద్దరికీ తెలియకుండానే రిపేరు అయిపోయింది. ఆసుపత్రిలో తక్కువ చూపించడానికీ కారణం ఉంది. పిడికిలి బిగించి మణికట్టు వంచితే అక్కడి రక్తప్రవాహం సరిగా అందదు. సైకిల్ హ్యాండిల్ పట్టుకునేవాళ్లకూ, డంబెల్స్ ఎత్తేవాళ్లకూ ఇదే గోల. పచ్చబొట్టు మీద పెడితే సిరా వెలుతురును అడ్డుకుంటుంది.

ఇప్పుడు ఎముకకి రెండు వేళ్లు పైన పెట్టి, పరుగు ముందు ఒక కన్నం బిగిస్తాను, అయ్యాక వదులు చేస్తాను. మన ఊరి చెమటకి మధ్యలో తుడవాల్సిందే. అంకె పెద్దదైతే ముందు మెడ మీద వేళ్లు పెట్టండి, తర్వాత ఇంట్లో చెప్పండి. ఛాతీ నొప్పో, కళ్లు తిరగడమో ఉంటే మాత్రం వాచీ ఏం చూపించినా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. సర్వీసు సెంటర్‌కి మాత్రం వెళ్లకండి, వెళ్లినా బూట్లు వేసుకుని వెళ్లకండి.

మా మేనల్లుడు ఛాతీకి కట్టుకునే బెల్టు ఒకటి ఇచ్చాడు. అది లైటు కాదు, ఈసీజీలా గుండె కరెంటునే పట్టుకుంటుంది. తడిపి కట్టుకోవాలి, మొదట చల్లగా ఒళ్లు జలదరిస్తుంది. ఆదివారం రెండూ కట్టుకుని వెళ్లాను. కాళీమాత గుడి దగ్గర బెల్టు 127, వాచీ 129. పార్క్ హోటల్ దగ్గర వెనక్కి తిరిగాక వాచీ ఉన్నట్టుండి 165 అంది. రాగిజావ బండి దగ్గర ఆగి, తుడిచి, పైకి జరిపాను. అది దిగొచ్చేసరికి నా గ్లాసు సగం అయింది.