వపా బొమ్మలో అద్దం వెనుక వైపు

పోయిన నెల ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల సంతలో, అట్ట సగం చినిగిన ‘యువ’ మాసపత్రిక ఒకటి దొరికింది. లోపలి కథల జోలికి ఇంకా వెళ్లలేదు గానీ, ముఖచిత్రాన్ని మాత్రం రోజూ చూస్తున్నాను. చేతి అద్దంలో చూసుకుంటూ తిలకం దిద్దుకుంటున్న స్త్రీ, మూలన ‘వ.పా’ అన్న సంతకం, అంటే చిత్రకారుడు వడ్డాది పాపయ్యది. అచ్చులో ఎరుపు వెంట్రుకవాసి పక్కకు జరగడంతో కింది పెదవి రంగు గీత దాటి చుబుకం మీదికి దిగింది. అయినా ఆమె అందానికి లోటు రాలేదు, ఎందుకంటే ఆ అందం పెదవుల్లో లేదు, వాలిన కనురెప్పల్లో ఉంది.

వడ్డాది పాపయ్య 1921లో శ్రీకాకుళంలో పుట్టారు, 1992లో కన్నుమూశారు. చిన్నతనంలో రవివర్మ గీసిన కోదండరాముణ్ణి చూసి కుంచె పట్టారని చెబుతారు. కానీ రవివర్మ స్త్రీలకు బరువుంటుంది. వారి పట్టుచీర మడతల్లో తైలవర్ణాల నిగనిగ కనిపిస్తుంది, వారు కూర్చుంటే నేల వారిని మోస్తున్నట్టే ఉంటుంది. వపా నీటిరంగుల్లో ఆ బరువంతా కరిగిపోయింది. వేళ్లు ఉండవలసినదానికంటే పొడవు, నడుము ఉందో లేదో అన్నంత సన్నం. నిజం చెప్పాలంటే ఆ నడుముతో ఏ మనిషీ నీళ్ల బిందె ఎత్తలేదు, ఈ ఒక్క విషయంలో నాకు ఆయనపై చిన్న ఫిర్యాదు ఉంది.

చక్కని అమ్మాయి కనబడితే ‘బాపు బొమ్మలా ఉంది’ అనడం మనకు అలవాటే గాని, ‘వపా బొమ్మలా ఉంది’ అని ఎవరైనా అనగా నేను వినలేదు. బాపు గీతలోని అమ్మాయి మన వీధిలోనే ఉంటుంది, జడ విసురుగా వెనక్కి వేసి మాటకు మాట అప్పజెబుతుంది. వపా స్త్రీకి మాత్రం మనం ఉన్నట్టే తెలియదు. ఆమె తన అలంకారంలోనో, విరహంలోనో, వాన చినుకులోనో మునిగి ఉంటుంది. చూసేవాడి మెప్పు కోసం తల తిప్పదు. ఆ కాలపు చీరల దుకాణాల క్యాలెండర్లలో నవ్వుతూ మనవైపే చూసే బొమ్మలకూ ఈమెకూ తేడా అక్కడే ఉంది.

నా దగ్గరున్న ముఖచిత్రంలో మెడ కింది నీడను ఆయన నలుపుతో కాక పలచని ఊదా రంగుతో వేశారు. తిలకం దిద్దే వేలు నుదుటిని ఇంకా తాకలేదు. అద్దం వెనుక వైపు మాత్రమే మనకు కనబడుతుంది.