అద్దె కంప్యూటర్ల ఫైలు: నా అనుభవం

ఆంధ్రప్రదేశ్‌లో ఒక మాదిరి ఊరు మాది. పేరు చెప్పను. అక్కడి మున్సిపాలిటీలో నేను సీనియర్ అసిస్టెంట్‌ని. 2025 మే నెలలో కమిషనర్ గారు పిలిచి, "కంప్యూటర్లు కొనకుండా నెలవారీ అద్దెకు తీసుకుంటే ఎలా ఉంటుందో ఫైల్ పుటప్ చేయండి" అన్నారు.

ఆయనకు ఆ ఆలోచన ఊరికే రాలేదు. అంతకు ముందు నెలంతా రెవెన్యూ కౌంటర్ దగ్గర రోజూ గొడవే. ఏడాది ఆస్తి పన్ను ఏప్రిల్‌లోనే ఒకేసారి కట్టేస్తే 5 శాతం రాయితీ ఉంటుంది కదా, జనం పొద్దున్నే వచ్చి క్యూ కడతారు. మా కంప్యూటర్లేమో 2016 నాటివి. స్విచ్ వేసి టీ తాగొచ్చినా తెర మీద చుక్కలు తిరుగుతూనే ఉండేవి. దానికి తోడు విండోస్ 10కి అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోతుందని తెలిసింది. విండోస్ 11 వేద్దామంటే మా పాత ప్రాసెసర్లకు ఆ అర్హత లేదు.

విజయవాడ నుంచి ఒక సంస్థ మనిషి వచ్చాడు. ఒక్కో సెట్‌కు నెలకు 1,650 రూపాయలు, మూడేళ్ల ఒప్పందం. "రిపేరు మా బాధ్యత సార్. స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించే పని కూడా ఉండదు" అన్నాడు. నిజం చెప్పాలంటే నేను ఆ రెండో మాటకే పడిపోయాను. చార్జి అప్పగించేటప్పుడు కీబోర్డులు లెక్క తేలక రాత్రి ఎనిమిదింటి దాకా కూర్చున్నవాళ్లకు ఆ సుఖం ఏమిటో తెలుస్తుంది.

ఫైలు అకౌంట్స్‌కి వెళ్లింది. మేడమ్ క్యాలిక్యులేటర్ తీశారు. 18 శాతం జీఎస్టీ కలిపితే సెట్‌కు 1,947. మాకు కావలసినవి 24. నెలకు 46,728, మూడేళ్లకు 16,82,208. అదే ప్రభుత్వ ఆఫీసులు సామాను కొనే జెమ్ పోర్టల్‌లో కొంటే యూపీఎస్‌తో సహా సెట్ 58,000 చొప్పున 13,92,000. "కొన్నవాటికీ మూడేళ్ల వారంటీ ఉంది. పైగా మూడేళ్ల తర్వాత అవి మనవే. రేపు ఆడిట్ వాళ్లు అడిగితే ఏం చెబుతారు?" అన్నారు.

"మరి ఒకేసారి 14 లక్షలు ఎక్కడ తెస్తాం మేడమ్?" అన్నాను. బడ్జెట్‌లో ఆ పద్దు కింద ఉన్నది 8 లక్షలే. ఆర్థిక సంఘం నిధుల వైపు చూద్దామంటే వాటిని ఆఫీసు నిర్వహణ ఖర్చులకు వాడకూడదు. అద్దె అయితే ఏడాదికి 5,60,736, పద్దులో హాయిగా సరిపోతుంది. మొత్తం మీద ఖరీదైనదే ఈ ఏడాదికి చవగ్గా కనిపిస్తోంది. మా ఇద్దరి లెక్కలూ తప్పు కాదు. అందుకే ఆ ఫైలు మా ఇద్దరి మధ్యే నాలుగుసార్లు తిరిగింది.

ఈలోగా ఒప్పందం ముసాయిదా వచ్చింది. 19 పేజీలు, అంతా ఇంగ్లీషు. శని, ఆదివారాలు ఇంటికి తీసుకెళ్లి చదివాను. రెండు చోట్ల ఆగిపోయాను.

మొదటిది, బిల్లు 45 రోజులు దాటితే వడ్డీ, 90 రోజులు దాటితే సామాను వెనక్కి తీసుకుపోయే హక్కు. మేం బిల్లు పెట్టడం వరకే మా చేతిలో ఉంటుంది, డబ్బు పడేది ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. మార్చి నెలాఖరులో, పన్ను వసూళ్ల హడావిడిలో, ఎవరో వ్యాన్ వేసుకొచ్చి కౌంటర్ మీది కంప్యూటర్లు ఎత్తుకుపోతుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఫోన్ చేసి ఇదే అడిగితే అతను నవ్వి, "గవర్నమెంట్ బిల్లు లేటవుతుందని మాకు తెలీదా సార్, ఆ రిస్క్ కూడా కలుపుకునే 1,650 చెప్పాం" అన్నాడు. అంటే మా ఆలస్యానికి మేమే నెలనెలా ముందుగా కట్టుకుంటున్నామన్నమాట. అతని నిజాయితీ మాత్రం నాకు నచ్చింది.

రెండోది హార్డ్ డిస్క్. గడువయ్యాక యంత్రాలు ఉన్నవి ఉన్నట్టుగా తిరిగి ఇవ్వాలి. మా ఆఫీసులో ప్రతి ఒక్కరి బతుకూ డి డ్రైవ్‌లోనే ఉంటుంది. స్కాన్ చేసిన ఇంటి దస్తావేజులు, ఆధార్ కాపీలు, పింఛను జాబితాలు, ఇంజినీరింగ్ వాళ్ల అంచనాలు. డిలీట్ కొట్టి ఇచ్చేస్తే సరిపోదని మా డేటా ఎంట్రీ కుర్రాడే చెప్పాడు. చెరిపినదాన్ని మళ్లీ బయటికి తీసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయట. డిస్కులు మేమే ఉంచుకుంటామంటే ఒక్కోదానికి 2,500 అదనం అన్నారు. 24కి ఇంకో 60,000.

జూన్ కౌన్సిల్ సమావేశంలో ఇది అజెండాలో 17వ అంశం. 16 దాకా టకటకా ఆమోదం అయిపోయాయి. దీని దగ్గరికి వచ్చేసరికి ఒక సీనియర్ కౌన్సిలర్ లేచారు. "మేం 2021లో గెలిచాం. 2026 మార్చితో మా గడువు అయిపోతుంది. 2028 దాకా అద్దె కట్టమని ఇవాళ మేం తీర్మానం చేసి పోతే, తర్వాత వచ్చేవాళ్లు మమ్మల్ని తిట్టరా?" కమిషనర్ గారు ఒప్పందం మున్సిపాలిటీది, పాలకవర్గానిది కాదని వివరించారు. ఇంకో కౌన్సిలరమ్మ మాత్రం, "మా ఇంట్లో ఫ్రిజ్ ఈఎంఐలో కొన్నామండీ. కట్టడం అయిపోయాక అది మాదే. ఇది మనది కాదుగా?" అన్నారు. చైర్‌పర్సన్ గారు వాయిదా వేశారు. నేను రెండు వారాలు చదివి రాసిన నోట్ మొత్తం ఆ ఫ్రిజ్ కౌన్సిలరమ్మ ఒక్క ముక్కలో చెప్పేశారు, కాస్త కుళ్లుగానే అనిపించింది.

అప్పుడు చేశాను, మేలోనే చేయాల్సిన పని. ఒక్కో సెక్షన్‌కి వెళ్లి ఎవరు కంప్యూటర్ మీద ఏం చేస్తున్నారో కూర్చుని చూశాను. తపాలు, ఆన్‌లైన్‌లో ఫైళ్లు నడిపే ఈ-ఆఫీస్ చూసుకునేవాళ్లకు కావలసింది బ్రౌజర్ ఒక్కటే. నిజంగా కొత్తవి కావలసింది పన్ను కౌంటర్లు, టౌన్ ప్లానింగ్, అకౌంట్స్, ఇంజినీరింగ్. లెక్క వేస్తే 13 వచ్చాయి. 7,54,000. పద్దులోనే సరిపోయింది. మిగతా 11లో ఏడింటికి పాత హార్డ్ డిస్కుల బదులు వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ వేయించి, విండోస్‌కు బదులు కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ వాళ్ల బాస్ లినక్స్ ఎక్కించాం. నాలుగు ఇక పనికిరావని ఈ-వేస్ట్ జాబితాలో రాశాం.

జూలైలో ఆ 13 కొనే అంశం రెండు నిమిషాల్లో ఆమోదమైంది. అద్దె ఫైలు మీద "ప్రస్తుతానికి అవసరం లేదు" అని రాసి పక్కన పెట్టారు. పాలకవర్గం మారాక మళ్లీ తెరుస్తారేమో. బిల్లు సకాలంలో పడే ఊళ్లలో అయితే అద్దె మంచి పద్ధతే అని ఇప్పటికీ అనుకుంటాను.

సెప్టెంబర్‌లో డబ్బాలు దిగాయి. అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది. విండోస్‌లో అను అనే పాత తెలుగు ఫాంట్లతో నోటీసులు టైప్ చేసే మా టైపిస్టు గారు లినక్స్ చూసి, "అను ఫాంట్లు లేకుండా నేను ఒక్క అక్షరం కొట్టను" అని చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఇరవై ఏళ్ల చేయి, ఆవిడతో ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు కనిపించే యూనికోడ్ గురించి వాదించే ధైర్యం ఎవరికుంటుంది? పదమూడో సెట్ నా టేబుల్‌కని రాసుకున్నదే. ఆవిడకి ఇచ్చేశాను. ఇది ఆఫీసులో నా దగ్గరున్న 2016 నాటి దాని మీదే టైప్ చేస్తున్నాను. లినక్స్ వేశాక మరీ అంత నెమ్మదిగా ఏం లేదు.