ఏటికి ఎదురెళ్లే దారి: యానాం నుంచి కోటిపల్లికి కయాక్ మీద

కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) దారి వేద్దామనుకున్నవాళ్లు మొదట చేసే పని ఒకటే. పటంలో ఎగువన ఒక ఊరు, దిగువన ఒక ఊరు చూసుకుని మధ్యలో గీత గీసేస్తారు. గోదావరి పాయ గౌతమి మీద ఆ లెక్కన కోటిపల్లిలో పడవ దించి యానాంలో తేలాలి. ఏటి వెంబడి సుమారు 20 కిలోమీటర్లు. నీరు ఎటు పోతే అటు పోవడమే కదా అనిపిస్తుంది. కానీ ఈ ముక్క సగం ఏరు, సగం సముద్రం.

ధవళేశ్వరం బ్యారేజీ గేట్లు దించేశాక, డిసెంబరు వచ్చేసరికి గౌతమిలోకి దిగే నీరు బాగా తగ్గిపోతుంది. ఇక నీటిని నడిపేవి పోటూ (సముద్రపు నీరు ఎగువకు ఎక్కడం) పాటూ (తిరిగి తీయడం). రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు, ఒక్కోటి ఆరు గంటల పైచిలుకు. మెలికంతా ఇక్కడే ఉంది. పోటు సముద్రం వైపు మొదలై ఎగువకు పాకుతుంది. యానాంలో నీరు తిరిగిన కొంతసేపటికి గానీ కోటిపల్లిలో తిరగదు. అంటే పాటు పట్టుకుని కిందికి వస్తున్నవాడికి కొత్త పోటు దారిలోనే ఎదురొస్తుంది. ఆరు గంటలు చేతిలో ఉన్నాయనుకుంటే ఐదు కూడా దక్కవు. అదే యానాంలో పోటుతో బయల్దేరితే, పోటు మన వెంటే నడుస్తుంది.

గాలి సంగతీ అంతే. పొద్దెక్కాక సముద్రపు గాలి లేస్తుంది. కోటిపల్లి నుంచి దిగేవాడికి అది ముఖాన కొడుతుంది. కిందికి పోయే నీటికి గాలి ఎదురైతే పొట్టి పొట్టి అలలు లేచి పడవ ముక్కు మీదికెక్కుతాయి. ఎగువకు పోయేవాడికి అదే గాలి వీపు తడుతుంది. అందుకే ఈ దారి యానాంలో మొదలవ్వాలి. ఏటికి ఎదురీదొద్దన్న మాట ఈ ఇరవై కిలోమీటర్లకు వర్తించదు.

ఇక వేళ తేల్చుకోవాలి. కాకినాడ రేవుకు ఆటుపోట్ల పట్టికలు దొరుకుతాయి గానీ, ఆ వేళలు ఏటి లోపలికి అచ్చంగా సరిపోవు. తేడా ఎంతో మనమే కొలుచుకోవాలి. వెదురు గడ ఒకటి తీసుకుని పది సెంటీమీటర్లకో ఎర్ర గీత పెట్టి, యానాంలో నీరు బాగా తీసినప్పుడు కూడా మొదలు మునిగి ఉండే చోట పాతండి. పొద్దున ఐదు నుంచి సాయంత్రం ఆరు దాకా అరగంటకోసారి మట్టం రాయండి. పున్నమికి ఒక రోజు, అష్టమికి ఒక రోజు చేస్తే పెద్ద పోటు, చిన్న పోటు రెండూ తెలుస్తాయి. అదే రోజున కోటిపల్లిలో ఇంకొకరు ఇదే పని చెయ్యాలి.

అయితే మట్టం పెరగడం మొదలవగానే నీరు వెనక్కి తిరిగిందనుకోకండి. మట్టం లేస్తున్నా కాసేపు ప్రవాహం కిందికే పోతుంటుంది. కాబట్టి గడ పక్కనే, సగం నీళ్లు పోసి మూత బిగించిన ప్లాస్టిక్ సీసాను మూడు మీటర్ల తాడుకు కట్టి వదలండి. ఖాళీ సీసా అయితే గాలికి కొట్టుకుపోతుంది, సగం మునిగింది నీటి మాట వింటుంది. తాడు సడలి, సీసా ఒక చోట తచ్చాడి, ఎగువ వైపు లాగడం మొదలెట్టిన వేళ రాసుకోండి. పడవ దించాల్సింది అప్పుడే.

ఈ వేళ రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. చలికాలం పొగమంచులో ఆరున్నరకు ముందు దిగడం దండగ, ఇంజిన్ పడవకు మనం కనపడం. ఎనిమిదిన్నర దాటితే ఎండ. ప్రవాహం ఈ రెండింటి మధ్య తిరిగే రోజులు పక్షానికి రెండో మూడో ఉంటాయి. అంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, నెలకు నాలుగు నుంచి ఆరు రోజులే ఈ దారి తెరిచి ఉన్నట్టు. ఏడాది పొడవునా తిప్పుతామని బోర్డు కట్టేవాళ్లు ఉంటారు, వాళ్ల లెక్క వేరు.

వేగం: సిట్-ఆన్-టాప్ (లోపల కాక పైన కూర్చునే) కయాక్‌లో కొత్తవాళ్లు నిలకడ నీటిలో గంటకు నాలుగు కిలోమీటర్లు పోతారు. పోటు సాయంతో ఐదు. తెడ్డు వేయడం నాలుగు గంటలు, మధ్యలో ఆగడానికి ఒక గంట. పోటు ఉండగానే కోటిపల్లి చేరతారు.

అసలు శ్రమంతా దిగే చోట్లు వెతకడంలో ఉంది. ఐదు కిలోమీటర్లకు ఒకటి కావాలి. నీరు నిండుగా ఉన్నప్పుడు చూస్తే ప్రతి ఒడ్డూ బాగానే కనిపిస్తుంది, అందుకే నీరు పూర్తిగా తీసిన వేళ వెళ్లి చూడాలి. గట్టి నేలకూ నీటికీ మధ్య ఎన్ని అడుగుల బురద తేలిందో కొలవండి. బొటనవేలంత లావు కర్రను ఒక చేత్తో నొక్కండి. జానెడు దిగి ఆగితే నడవొచ్చు. మోకాలెత్తు దిగిపోతే ఆ చోటు కొట్టేయండి. అలాంటి బురదలో చెప్పు ఊడిపోతుంది, కాలు రాదు, పాతిక కిలోల పడవను లాగే మనిషి నడుము పట్టేస్తుంది.

స్నానఘట్టాల మెట్లు చూడ్డానికి బాగుంటాయి గానీ, పోటుకు తడిసే కింది మెట్లకు పాచి పడుతుంది. కొబ్బరి పీచు గోనె ఒకటి పరిస్తే కాలు నిలుస్తుంది. వాడకం ఆగిన ఇసుక ర్యాంపు దొరికితే అదృష్టం, బండి నీటి దాకా వస్తుంది. నడుస్తున్న ర్యాంపు జోలికి మాత్రం పోవద్దు. ఇసుక తోడిన గుంటల్లో మోకాలి లోతు నుంచి ఒక్క అడుగులో నిలువు లోతుకు పోతారు. లంకల్లో దిగాలంటే ముందు ఆ తోట రైతును అడగాలి. ఏటిగట్టు నుంచి నీటి దాకా కాలిబాట ఆయన అరటి మధ్యనుంచే పోతుంది మరి.

ప్రమాదం ఎక్కువగా పొంచి ఉండేది స్తంభాల దగ్గర. యానాం–ఎదుర్లంక వంతెన కింద గానీ, కోటిపల్లి దగ్గర రైలు వంతెన స్తంభాల మధ్య గానీ, వంద మీటర్ల ముందే ఒక ఖానా (రెండు స్తంభాల మధ్య ఖాళీ) ఎంచుకుని దాని నడుమనుంచి తిన్నగా పోవాలి. అడ్డం తిరిగిన పడవను నీరు స్తంభానికి అదిమేస్తుంది. తప్పక తగిలేలా ఉంటే స్తంభం వైపే ఒరగాలి. భయంతో అవతలికి ఒరిగితే, నీరు వచ్చే వైపు అంచు మునిగి పడవ క్షణంలో తిరగబడుతుంది. 2018 జులైలో పశువుల్లంక దగ్గర కడుతున్న వంతెన పునాదికి నాటుపడవ తగిలి బోల్తా పడి ప్రాణాలు పోయాయి. గట్టును నీరు కోయకుండా ఏట్లోకి కట్టిన అడ్డుకట్టల (గ్రోయిన్ల) కొసన సుడి ఉంటుంది, ముప్పై మీటర్లు ఎడంగా పోండి. కోటిపల్లి–ముక్తేశ్వరం రేవులో దాటించే పడవకు ఎప్పుడూ వెనక నుంచే దాటాలి, దాని అలను ముక్కుతో కోయాలి. వలల బెండ్లు వరసగా కనిపిస్తే వేటగాణ్ని కేకేసి అడగండి, ఎటు దాటాలో ఆయనే చూపిస్తాడు.

జులై నుంచి అక్టోబరు దాకా దారి మూసెయ్యాలి. ధవళేశ్వరంలో 11.75 అడుగుల మట్టం, 10 లక్షల క్యూసెక్కుల దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. కయాక్‌కు అంతదాకా అక్కర్లేదు, అందులో పదో వంతు ఎర్రనీరు వచ్చినా పోటు సాయం పోయినట్టే. పైగా అది పులస కాలం, వలలకు అడ్డుపడితే ఊరుతో తగువు.

అనుమతికి ఒక్క కార్యాలయం సరిపోదు. ఏటి మీద ధవళేశ్వరం హెడ్‌వర్క్స్‌లోని (బ్యారేజీ చూసే కార్యాలయం) రివర్ కన్జర్వేటర్, అంటే ఏటి సంరక్షణాధికారి మాట చెల్లుతుంది. యానాం పుదుచ్చేరిది కాబట్టి అక్కడి పరిపాలనాధికారికి వేరే కాగితం. కోరింగ మడ అడవుల్ని కూడా కలిపేద్దామన్న ఆశ అందరికీ కలుగుతుంది. అది అభయారణ్యం, అటవీశాఖ అనుమతి కావాలి, దాన్ని వేరే రోజుకు వేరే దారిగా పెట్టుకోవడం మేలు.

మనిషికి మూడు లీటర్ల మంచినీళ్లు, ఈల కట్టిన లైఫ్ జాకెట్, పడవల గుంపుకు పదిహేను మీటర్ల విసిరే తాడు. ఉప్పునీరు తగిలిన బోల్టులు తుప్పు పడతాయి, ఇంటికెళ్లగానే కడగండి.

దారి వెంబడి పెట్టే బోర్డుల మీద కిలోమీటర్లు ఒక్కటే రాస్తే లాభం లేదు, గడువు కూడా రాయాలి. పదో కిలోమీటరు దగ్గర ఇలా: “పోటు మొదలై 3 గంటలు దాటిందా? ఇక్కడే దిగిపోండి.” దాని కింద గట్టు మీదికి బండి వచ్చే దారి, బాణం గుర్తు. వరదకు బురద పట్టి అక్షరాలు మాసిపోతాయి, ఏటా నవంబరులో మళ్లీ రంగు వెయ్యాల్సిందే.