సముద్రం లేని ఊళ్ళో

"హైదరాబాదు వెళ్ళి సముద్రం చూసొద్దామా బాబాయ్?" అంటే, నాకు ఎండదెబ్బ తగిలిందేమోనని ఆయన పిన్ని వంక చూశాడు. మే నెల. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. ఇంజను పడవ ఒడ్డెక్కింది, వలలు బాగుచేయడం అయిపోయింది. ఊరికే కూర్చోలేని మనిషి గనక బయల్దేరాడు.

చీరాలలో రాత్రి రైలెక్కి తెల్లవారి సికింద్రాబాదులో దిగాం. మెట్రోలో అమీర్‌పేట దగ్గర మారి జేఎన్‌టీయూ స్టేషన్, అక్కడి నుంచి ప్రగతినగర్‌కు ఆటో. సముద్ర సమాచారం అందించే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ ఉన్నది అక్కడే. ఆ పేరు చెబితే ఆటో అబ్బాయికి తెలియలేదు. "సునామీ ఆఫీసా?" అన్నాడు చివరికి. ఆ పేరే నయం.

1999లో పెట్టిన సంస్థ అది. 2004 సునామీ తర్వాత హెచ్చరికల కేంద్రం కూడా 2007లో ఇక్కడే మొదలైంది. ముందే అనుమతి తీసుకున్నాం కాబట్టి ఒక శాస్త్రవేత్త ఓపిగ్గా తెరల ముందు నిలబెట్టి చెప్పారు. నీటి వేడిని, నీటిలోని పచ్చదనాన్ని ఉపగ్రహం చూస్తుంది. పచ్చదనమంటే చేపలకు మేత. వేడినీరూ చల్లనీరూ కలిసే అంచున చేప చేరుతుందని లెక్కకట్టి, ఏ రేవు నుంచి ఏ దిక్కుకు, ఎంత దూరంలో, ఎంత లోతులో వెతకాలో జాలర్లకు పంపుతారు.

"మబ్బు పట్టిన రోజున?" అన్నాడు బాబాయి.

"ఉపగ్రహానికి సరిగ్గా కనపడదండీ."

ఆయన ముఖం వెలిగిపోయింది. ఇక తెర దగ్గరికి జరిగి మా ఊరి ఎదుటి నీళ్ళలో వేలు పెట్టాడు. "లైటుహౌసు, జంట తాటిచెట్లు ఒకే వరసలోకి వస్తే కింద రాళ్ళుంటాయి. వల చిరుగుతుంది. ఇందులో లేవేం?" ఆ శాస్త్రవేత్త నవ్వలేదు, రాసుకున్నారు. ఆ ఒక్క పనికే నాకు వచ్చిన ఛార్జీలు గిట్టాయి.

ఎందుకంటే, కొన్నేళ్ళ కిందట మా వైపు తీర ప్రణాళిక ముసాయిదా మీద జరిగిన ప్రజాభిప్రాయ సేకరణకు మేం వెళ్ళాం. షామియానా వేశారు, మజ్జిగ ప్యాకెట్లు ఇచ్చారు, ఇంగ్లీషు పటం గోడకు తగిలించారు. అలాంటి పటాలు 1:25,000 కొలతలో గీస్తారు. అంటే ఒక సెంటీమీటరుకు 250 మీటర్లు. పడవలు లాగి, నెత్తళ్ళు ఆరబెట్టుకునే మా 50 మీటర్ల ఇసుక అందులో 2 మిల్లీమీటర్లు. బాబాయి కళ్ళజోడు పెట్టుకుని వెతికాడు, దొరకలేదు. మైకు మా వరుసకు వచ్చేసరికి సభ ముగిసింది. తీరప్రాంత నియంత్రణ (సీఆర్‌జెడ్) నిబంధనలు ముసాయిదాను జనం ముందు పెట్టమన్నాయి, పెట్టారు. తప్పు పట్టడానికి కాగితం మీద ఏమీ లేదు.

ఇప్పుడు నేల దాటి నీటికీ ప్రణాళికలు వస్తున్నాయి. ఓడల దారి ఎక్కడ, వేట ఎక్కడ, ఏ భాగాన్ని కదపకుండా వదలాలి అని. నార్వే సహకారంతో పుదుచ్చేరి, లక్షద్వీప్‌లను ప్రయోగానికి ఎంచుకున్నారు. ఆ సంగతి చెబితే బాబాయి అడిగింది ఒకటే: "గీత గీశాక పిలుస్తారా, గీయకముందా?"

తిరుగు రైలుకు ఇంకా మూడు గంటలుంది. ప్లాట్‌ఫారం బెంచీ మీద నోటుపుస్తకం తెరిచి, మనమే గీసి పంపుదామన్నాను. ఆయన ఉత్సాహంగా మొదలుపెట్టాడు. రాళ్ళు, బురద, ఏటి నీళ్ళు వచ్చి కలిసే చోటు, వంజరం తిరిగే లోతు... పదకొండు గుర్తులు చెప్పించి, పన్నెండోది తాతయ్య చూపించిన చోటు కదా అని నేనే అందించాను.

బాబాయి పెన్ను మీద చెయ్యి వేశాడు. "అది మాత్రం రాయకు" అన్నాడు, అటూ ఇటూ చూసి.