హార్డ్ డిస్కు లేస్తే హబ్ పడిపోతోంది

పర్లాకిమిడిలోని మా ఇంట్లో ప్రింటరును, హార్డ్ డిస్కును అన్ని కంప్యూటర్లకూ అందించే నెట్‌వర్క్ యూఎస్‌బీ హబ్ రోజుకు రెండు మూడు సార్లు తనంతట తానే రీబూట్ అవుతుండటంతో, మొదట వానాకాలపు కరెంటునే అనుమానించాను. యూపీఎస్‌కు కలిపినా తీరు మారలేదు. ఎప్పుడేం జరిగిందో హబ్ రాసిపెట్టుకునే లాగ్ చూద్దామంటే, గడియారానికి బ్యాటరీ లేని ఆ పెట్టె లేచిన ప్రతిసారీ 1970 జనవరి 1 నుంచే లెక్క మొదలుపెడుతోంది; ఏ వేళకు పడిపోయిందో దాన్నిబట్టి తెలియదు. చివరకు హబ్ పలుకుతోందా లేదా అని నెట్‌వర్క్ మీద పదేపదే అడిగే పింగ్ నడుపుతూ పక్కనే కూర్చుంటే, నిద్రలో ఉన్న డిస్కు గిర్రున తిరగబోయిన క్షణంలోనే హబ్ దీపం ఆరి వెలగడం కంటపడింది. యూఎస్‌బీ 3.0 పోర్టుకు 900 మిల్లీఆంపియర్ల చొప్పున హబ్‌లోని నాలుగు పోర్టులకు 3.6 ఆంపియర్లు కావాలి. పిన్ను సరిపోయిందని నేను బజారులో కొన్న అడాప్టరు ఇచ్చేది 2 ఆంపియర్లే. మోటారు ఒక్కసారిగా కరెంటు లాగగానే 5 వోల్టులు కుంగి, ప్రాసెసర్ రీసెట్ అవుతోందన్నమాట. బరంపురం నుంచి 4 ఆంపియర్ల అడాప్టరు తెప్పించాక, వారంగా పింగ్ తెగలేదు.